మలుపు: మావ రెడీ

మావ చనిపోయాక కూడా మా సైకిల్ రేసులన్నింటికీ ఆయనే అనుమతి ఇస్తూ వచ్చారు. అలంకారానికి అంటున్న మాట కాదిది. మలేషియాలో మా ఊరు బంటింగ్ పక్కన పామాయిల్ తోటలో మేం రేసు పెట్టిన ప్రతి ఆదివారం ఉదయం, టెంటులో వేలాడే పెద్ద తెర మీద "మలుపు: మావ రెడీ" అని పచ్చటి అక్షరాలు వెలిగేవి. జనం ఫోటోలు తీసుకునేవారు. కొందరైతే దండం పెట్టేవారు. ఆ అక్షరాలను వెలిగించే ప్రోగ్రాము రాసింది నేనే కాబట్టి అందులో కొంత దండం నాకూ చెందుతుంది. ఆ సంగతి మాత్రం ఎవరితోనూ అనలేదు.

ఆయన నాకు చుట్టం కాదు. బంటింగ్‌లో జుట్టు నెరిసి తెలుగు మాట్లాడితే చాలు, ఏ మగమనిషైనా మావ అయిపోతాడు. దానికి వేరే పరీక్షలేమీ లేవు. ఈయన్ని మాత్రం మేం చాటుగా బెలుమ్ మావ అనేవాళ్ళం. మలయ్‌లో బెలుమ్ అంటే 'ఇంకా లేదు' అని. ఏదడిగినా ఆయన మొదటి జవాబు అదే. టీ తాగారా మావా? బెలుమ్. వాన ఆగిందా మావా? బెలుమ్. ఆగిందని నాకు కిటికీలోంచి కనిపిస్తూనే ఉండేది. ఆయనకు కిటికీ చాలదు. గుమ్మం దాటి, అరచెయ్యి చాపి, చెయ్యి తడవలేదని తేల్చుకుని వచ్చి అప్పుడు చెప్పేవారు, "ఆగినాది."

గుడిలో హారతికి ముందు పూజారిగారు "అందరూ వచ్చినట్టేనా?" అని అడిగేవారు. అది మర్యాదకు అడిగే మాట. మర్యాదగా "ఆఁ" అనేస్తే సరిపోతుంది. మావ ఒక్కరూ లేచి బయటికి వెళ్ళి చూసి వచ్చేవారు.

"బెలుమ్. పార్కింగులో ఎవరో కారుకి తాళమేస్తన్నారు."

పళ్ళెంలో కర్పూరం కరిగిపోయేది. పూజారిగారు రెండో బిళ్ళ తీసేవారు. ఆ కారువాళ్ళు లోపలికి వచ్చి, హారతి తమకోసమే ఆగిందని తెలియక, తీరిగ్గా పట్టుచీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ నిలబడేవారు.

ఈ గుణం ఎప్పటినుంచని ఆయన భార్యను ఒకసారి అడిగాను. మేం ఆవిడను అత్తా అంటాం.

"పెళ్ళిసూపులకి వచ్చినప్పటినుంచీ," అంది అత్త. "మా నాయన 'పిల్ల నచ్చినాదా బాబూ' అని అడిగినాడు. ఈయన బెలుమ్ అన్నారు. మా నాయన మళ్ళీ కాపీ ఎట్టించినాడు. అది సల్లారిపోయినాక సరే అన్నారు. నాను గుమ్మం ఎనక నిలబడి కాళ్ళు పీకి సచ్చినాను."

"కోపం రాలేదా అత్తా?"

"ఎందుకే? అంతసేపు సూసి సరే అన్న మనిషి మళ్ళీ ఎప్పుడూ పేచీ ఎట్టలేదు."

ఇక ఆయన ఉద్యోగం సంగతి. జీతం లేనిదే అనుకోండి. మా సైకిల్ క్లబ్బు రేసు ఎస్టేటు రోడ్డు మీద జరుగుతుంది. గీత దగ్గర బయలుదేరిన సైకిళ్ళు కాస్త దూరం పోగానే రోడ్డు ఎడమకు తిరుగుతుంది. సరిగ్గా ఆ మలుపులోనే ఎస్టేటు గేటు. చెట్లు అడ్డం కాబట్టి గీత దగ్గర నిలబడితే గేటు కనపడదు. ఆదివారం లారీలు రావని ఎస్టేటు ఆఫీసు మాటిచ్చింది. మోటర్‌సైకిళ్ళ తరఫున ఎవరూ మాటివ్వలేదు. అందుకని ఒక్కో గ్రూపు బయలుదేరే ముందు ఒక మనిషి మలుపు దగ్గర నిలబడి రోడ్డు ఖాళీగా ఉందని చెప్పాలి. ఆ మనిషి మావ. అక్కడ టెంటు లేదు, టీ లేదు. అక్కడినుంచి రేసు మొదలూ కనపడదు, చివరా కనపడదు. రేసుకు వెళ్ళి రేసు చూడకుండా ఇంటికి తిరిగివచ్చే మనిషి క్లబ్బులో ఆయనొక్కరే. చేతిలో మడిచిన గొడుగు ఉండేది. ఎండకు తెరిచేవారు కాదు. రోడ్డు మీద పడ్డ మట్టలను పక్కకు నెట్టడానికే దాన్ని వాడేవారు.

నేను క్లబ్బులో చేరేనాటికి ఇదంతా అరుపుల మీద నడిచేది. మా ప్రెసిడెంట్ అన్న గీత దగ్గర జెండా ఊపి "ఇప్పుడు!" అని అరిస్తే, టెంటులో లాప్‌టాప్ ముందు కూర్చున్నవాడు టైమింగ్ సాఫ్ట్‌వేర్‌లో స్టార్ట్ నొక్కేవాడు. ఇద్దరి మధ్యా ఒక లౌడ్‌స్పీకరు, అందులో ఎప్పుడూ ఏదో ఒక పాట. స్టార్ట్ ఆలస్యంగా పడి, మా క్లబ్బులో కొందరు గడియారం కదలకముందే కొంత దూరం పోయి రికార్డులు బద్దలుకొట్టారు.

ఆ సాఫ్ట్‌వేర్‌కు ఒక సౌకర్యం ఉందని నేను కనిపెట్టాను. నెట్‌వర్క్ మీద మెసేజ్ పంపితే అది వింటుంది, అక్కడికక్కడే బదులిస్తుంది. మొదలుపెట్టు అంటే మొదలుపెడుతుంది, ఆపు అంటే ఆపుతుంది. మా ఇంట్లో ఎవరికీ లేని గుణం. ఫోన్లలో తెరుచుకునే చిన్న పేజీ ఒకటి చేసి, బటన్లు పెట్టి, గీత దగ్గర ప్రెసిడెంట్ అన్నకు ఒకటి ఇచ్చాను. మలుపు దగ్గరి బటన్ ఇవ్వడానికి మావ ఇంటికి వెళ్ళాను. ఆయన వరండాలో చక్కెర లేని టీ తాగుతూ, ఆ లోటు తీర్చుకోవడానికి కొబ్బరి కుయిహ్ తింటున్నారు. ఆ మిఠాయి ఒక్క ముక్కతో ఒక కెటిల్ టీని తియ్యబెట్టొచ్చు.

"రోడ్డు ఖాళీగా ఉంటే ఇది నొక్కండి మావా. పచ్చగా అవతాది. మీదీ అన్నదీ రెండూ పచ్చగా ఉంటేనే స్టార్ట్ ఎల్తాది."

"నొక్కినాక?"

"అలాగే పచ్చగా ఉంటాది."

"ఎంతసేపు?"

"స్టార్ట్ అయ్యేదాకా లా." మా ఊళ్ళో ఏ భాష మాట్లాడినా మాట చివర ఈ 'లా' తగులుతుంది.

"ఆ సంగతి రోడ్డుకి సెప్పినావేటే?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"నాను సూసి ఓకే అన్నాను. ఆ పైన ఈల్లు జెండా ఎతుక్కుంటా, సెల్ఫీలు దిగతా కూకున్నారనుకో. అప్పుడు నా ఓకే పాసిపోదేటి?"

ఓకే పాసిపోవడం గురించి కాలేజీలో నాకెవరూ చెప్పలేదు. మర్నాడు ప్రోగ్రాము మార్చాను. మలుపునుంచి వచ్చిన రెడీ అరనిమిషం మాత్రమే పచ్చగా ఉంటుంది. ఆ తర్వాత దానంతటదే ఎర్రబడుతుంది. మళ్ళీ చూసి మళ్ళీ నొక్కాలి.

దాంతో మా రేసులు మరింత ఆలస్యమయ్యాయి. మావ నొక్కేటప్పటికి గీత దగ్గర ఎవడో చెప్పు సర్దుకుంటూ ఉండేవాడు. వాడు సర్దుకునేలోగా ఇక్కడ ఎర్రబడేది. ఒకరోజు మరీ ఆలస్యమైంది. కుర్రాళ్ళు పెడళ్ళ మీద కాళ్ళు పెట్టి చెమటలు కక్కుతున్నారు. తెర మీద ఎరుపు మారదు. ప్రెసిడెంట్ అన్నకు తండ్రి తెలుగు, తల్లి తమిళం. కోపం ఎప్పుడూ తల్లివైపునుంచే వస్తుంది. "ఎన్న మామా, సీక్రం! బేగి నొక్కండి!" అని ఫోన్లో అరిచి, చూసి రమ్మని నన్ను పంపాడు. వెళ్ళాను. కనీసం ఒక ఉడుము అయినా రోడ్డుకు అడ్డంగా పడుకుని ఉంటుందని ఆశపడ్డాను. మావ రోడ్డు మధ్యలో గొడుగు పట్టుకుని గేటు వైపే చూస్తున్నారు.

"ఏటుంది మావా?"

"ఏటీ లేదు."

"మరి నొక్కరేటి?"

"లేదని తెలిసేదాకా సూస్తన్నాను."

తిరిగివస్తూ దారంతా ఆ మాట ప్రెసిడెంట్ అన్నకు ఎలా చెప్పాలా అని ఆలోచించాను. చివరికి ఉడుము ఉందనే చెప్పాను. అందరూ శాంతించారు.

ఇంత పట్టుదల వెనక ఏదో పాత ప్రమాదం ఉండి ఉంటుందని నా నమ్మకం. ఒక వాన సాయంత్రం, పోగొట్టుకున్న స్నేహితుడు, అలాంటిదేదో. కాస్త మెల్లిగా, వీలైనంత సానుభూతి గొంతులోకి తెచ్చుకుని అడిగాను.

"ఎప్పుడైనా ఏదైనా జరిగినాదా మావా?"

"ఏటీ జరగలేదు," అన్నారు ఆయన, నన్ను వింతగా చూస్తూ. "జరగాలేటి?"

ఆ తర్వాత ఒక మంగళవారం నిద్రలో పోయారు. ఆ ఒక్క విషయంలో మాత్రం ఎవరినీ వేచి ఉంచలేదు.

తర్వాతి మీటింగులో మలుపు దగ్గర ఎవరు నిలబడతారన్న ప్రశ్న వచ్చింది. అందరూ ఒక్కసారిగా ఫోన్లు చూసుకున్నారు. నేనూ చూసుకున్నాను. ప్రెసిడెంట్ అన్న అన్నాడు, "ఆ రెండో రెడీ తీసీ లా. ఆదివారం ఎవడొస్తాడు ఆ గేట్లోంచి?" తియ్యడం రెండు నిమిషాల పని. కానీ మావ పేరున్న గడి తెరమీంచి మాయమవుతుందనగానే నాకు బాధేసింది. సాధారణంగా నాకు వచ్చేది నవ్వే. అలవాటు లేని పని కాబట్టి తప్పుగా చేశాను. "పేరు ఉంచుదాం అన్నా, నేను చూసుకుంటాను," అన్నాను.

చూసుకున్నాను. నా రెండో ఫోనును మావ పేరుతో కలిపాను. అరనిమిషానికోసారి నొక్కడం విసుగని, ఆ నొక్కడం కూడా ప్రోగ్రాముకే అప్పజెప్పాను. పాతది ఎర్రబడేలోగా కొత్త రెడీ వెళ్ళిపోతుంది. ఫోను టెంటులో నా బ్యాగులో ఉంటుంది. మలుపు దగ్గర నేనెవరినో నిలబెట్టాననే అందరూ అనుకున్నారు. "మలుపు: మావ రెడీ" ఇక ఎప్పటికీ ఎర్రబడదు. రేసులు టైముకు మొదలయ్యాయి. మావ మనతోనే ఉన్నారంటూ వాట్సాప్ గ్రూపులో దండాల బొమ్మలు వరసకట్టాయి. మంచి ఆలోచన అమ్మా అని పెద్దవాళ్ళు నా భుజం తట్టారు. బతికున్నన్నాళ్ళూ బెలుమ్ అన్న మనిషి చేత అరనిమిషానికోసారి 'బొలే, బొలే, పోవచ్చు' అనిపిస్తున్నానని నాకు తోచకపోలేదు. తోచినప్పుడల్లా మరో జోకు వేసుకునేదాన్ని. జోకులకు మా ఇంట్లో కరువు లేదు.

పోయిన నెల ప్రెసిడెంట్ అన్న మావ జ్ఞాపకార్థం రేసు పెట్టి, జెండా ఊపడానికి అత్తను పిలిచాడు. ఆవిడ మొదటిసారి రేసుకు వచ్చింది. ఆయన ఇన్నేళ్ళు వెళ్ళిన చోటు ఎలా ఉంటుందో చూడాలంది. లేతరంగు చీర కట్టుకుని, టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని, టెంటులో నా పక్క కుర్చీలో కూర్చుంది. మొదటి గ్రూపు చిన్నపిల్లలు. గీత దగ్గర హెల్మెట్ల కింద తలలు కనపడకుండా, పుట్టగొడుగుల్లా వరసగా నిలబడ్డారు. ప్రెసిడెంట్ అన్న అత్త చేతికి జెండా ఇచ్చి గీత దగ్గరికి వెళ్ళాడు.

అత్త తెర వంక చూసింది.

"ఏటమ్మా అది?"

"మావ పేరత్తా. గుర్తుకని పెట్టినాం."

"పేరు నాకూ తెలుసు. పక్కన పచ్చగా ఉన్నాదేటి?"

"రెడీ అని. అంటే... మలుపు దగ్గర రోడ్డు ఖాళీగా ఉన్నాదని."

"ఆడ ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

"మరి రోడ్డెవరు సూసినారు?"

బ్యాగులోంచి రెండో ఫోను తీసి ఆవిడకు చూపించాను.

"ఎవరూ సూడలేదత్తా. ఫోను దానంతటదే పంపిస్తాది."

"ఆయన పేరెట్టి?"

"ఊఁ."

ఆవిడ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు సులువుగా ఉండేది. జెండాను ఒళ్ళో పెట్టుకుని మెల్లిగా మడిచింది.

"ఇన్నేళ్ళు కాపరం సేసినాను. పెళ్ళి పిలుపుకొచ్చినోల్లకి కూడా ఆయన తరపున సరే అని ఎప్పుడూ అనలేదు. అడిగి సెప్తాను అనేదాన్ని. నువ్వు గట్టిదానివే పిల్లా."

ఆ క్షణంలో నాకు అర్థమైంది, నేను ఆయన పేరు ఉంచి ఆయన పని తీసేశానని. ప్రెసిడెంట్ అన్న చెప్పినట్టు ఆ గడి తీసేసి ఉంటే మలుపు దగ్గర ఎవరూ లేరన్న సంగతి కనీసం అందరికీ కనపడేది. ఎవరో ఒకరికి భయం వేసేది. నేను ఆ భయాన్ని కూడా పచ్చరంగుతో కప్పేశాను.

గీత దగ్గరినుంచి ప్రెసిడెంట్ అన్న అరిచాడు. "అత్తా, కొడి ఆట్టుంగ! జెండా ఊపండి!"

"పిల్లల్ని ఆపమ్మా," అంది అత్త నాతో.

ఆపు అని మెసేజ్ పంపాను. ఆపానని సాఫ్ట్‌వేర్ వెంటనే బదులిచ్చింది. ఎందుకని అడగలేదు. ప్రెసిడెంట్ అన్న వచ్చి అడిగాడు.

"ఎన్నాచ్చు, ఏటైనాది? నెట్‌వర్క్ పోయినాదా?"

"లేదన్నా. మలుపు దగ్గర మనిషి లేడు."

"మనిషి లేడా? ఎప్పటినుంచి?"

"మావ పోయినప్పటినుంచి."

ఆయన తెర వంక చూశాడు, అత్త వంక చూశాడు. ఆ మధ్య జరిగిన రేసులను వేళ్ళ మీద లెక్కపెట్టబోయి సగంలో ఆపేశాడు. ఆ రెండో రెడీ తీసెయ్యమని నాతో అన్న మాట గుర్తొచ్చి ఉంటుంది. తిట్టడానికి నోరు తెరిచి, "సరి, ఓడు," అన్నాడు. పరుగెత్తు అని. పరుగెత్తాను.

గేటు దగ్గర ఒక మోటర్‌సైకిల్ స్టార్ట్ చేసి సిద్ధంగా ఉండి ఉంటే ఈ రాతకు బాగుండేది. ఏమీ లేదు. గేటు, దానికి తుప్పుపట్టిన గొలుసు, లోపల చెట్ల మధ్య నీడ. ఫోను తీసి మావ పేరు తీసేశాను. కొత్త పేరు అడిగింది. నా పేరు కొట్టాను. గేటు లోపలికి చూశాను, ఖాళీ. రోడ్డు అటువైపు చూశాను, ఖాళీ. కానీ అటు చూస్తున్నంతసేపూ గేటును చూడలేదు కదా. మళ్ళీ గేటు చూశాను. ఈసారి రోడ్డు మిగిలిపోయింది. ఎటు చూసినా రెండోది పాతబడుతోంది. ఆయన ఇక్కడ నిలబడి అంతసేపు ఏం చేసేవారో మేం ఇన్నాళ్ళూ నవ్వుకున్నాం. ఇదే చేసేవారు.

నొక్కాను. గీత దగ్గర ఒక పిల్లవాడు ఉచ్చ పోసుకోవాలన్నాడట. నాది ఎర్రబడింది. మళ్ళీ మొదటినుంచీ చూశాను. ఫోను మోగింది.

"ఏటి లా! రోడ్డు మీద ఏటైనా ఉన్నాదా?"

"ఏమీ లేదన్నా."

"మరి?"

"ఒక్క నిమిషం ఉండన్నా. పిల్లలు కదా."

 "మెల్లిగా సూడు," అన్నాడు.

నొక్కాను. ఈసారి పచ్చగా ఉండగానే అత్త జెండా ఊపినట్టుంది. అక్కడినుంచి ఏమీ కనపడదు, వినపడదు. ముందు చెట్ల వెనకనుంచి సైకిల్ గొలుసుల గరగర వచ్చింది. తర్వాత పిల్లలు వచ్చారు. నోళ్ళు తెరుచుకుని, హ్యాండిళ్ళ మీదికి వంగి, ముందువాడి చక్రం తప్ప మరేదీ చూడకుండా మలుపు తిరిగారు. అందరికంటే వెనక, బుట్ట ఉన్న సైకిల్ మీద ఒక చిన్నపిల్ల మోకాళ్ళు దూరంగా పెట్టి ఊగిపోతూ వచ్చింది.

ఒక్కరూ గేటు వైపు చూడలేదు. నా వైపూ చూడలేదు. మలుపు పచ్చగా ఉందని చెప్పి పంపారు, వాళ్ళు నమ్మారు. అంతకుముందు రేసుల్లో వెళ్ళిన పిల్లలు కూడా ఇలాగే, ఇంతే నమ్మకంగా, తలలు వంచుకుని ఇక్కడినుంచే వెళ్ళి ఉంటారు.